భర్త డాలస్‌లో, నేను హన్మకొండలో ఉద్యోగం: అమెరికా ట్యాక్స్ రిటర్న్ ఎలా వేయాలి?

ప్రశ్న – హన్మకొండ లెక్చరర్

అందరికీ నమస్తే. మొన్న కార్తీకంలో, నవంబర్‌లో మా పెళ్లయింది. మా ఆయన హెచ్1బీ మీద నాలుగేళ్లుగా డాలస్‌లో ఉన్నారు, జీతం ఏడాదికి 1,10,000 డాలర్లు. నేను ఇక్కడ ప్రైవేట్ కాలేజీలో లెక్చరర్‌ను, నెలకు 60 వేలు. హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్యకిచ్చే వీసా) స్టాంపింగ్‌కు ఇంకా పోలేదు, అమెరికాలో అడుగు కూడా పెట్టలేదు. ఆయన 2025 రిటర్న్ ఏప్రిల్ 15 లోపు వేయాలి. రూమ్మేటేమో "భార్య ఇక్కడ లేదు కదా, సింగిల్ అని వేసెయ్" అంటున్నాడట. ఇంకొకరు జాయింట్ (ఇద్దరిదీ కలిపి ఒకే రిటర్న్) వేస్తే బాగా కలిసొస్తుంది అన్నారు, కానీ అప్పుడు నా జీతం మీద కూడా అక్కడ ట్యాక్స్ పడుతుందని భయపెట్టారు. పైగా నా పాస్‌పోర్ట్ అమెరికాకు పోస్టులో పంపాలంట, అది విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. పరకాల దగ్గర అమ్మ ఇచ్చిన రెండెకరాలు కౌలుకు ఇచ్చాం, ఏడాదికి 30 వేలు వస్తాయి. ఎఫ్‌డీ మీద వడ్డీ ఒక 40 వేలు. ఇవి కూడా చూపించాలా? ఇక్కడి నా ఐటీఆర్‌లో ఆయన జీతం రాయాలా?

జవాబు – కరీంనగర్ నుంచి న్యూజెర్సీ

చెల్లె, ముందు ఒక్క మాట, సింగిల్ అని మాత్రం వేయనివ్వకు. డిసెంబర్ 31 నాటికి పెళ్లయి ఉంటే ఆ ఏడాది మొత్తానికి పెళ్లయినట్టే లెక్క, నువ్వు ఏ దేశంలో ఉన్నా సరే. మీకున్నవి రెండే దారులు. ఒకటి, ఆయన మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ (పెళ్లయినా రిటర్న్ విడిగా) వేసి నీ సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండాల్సిన చోట ఎన్ఆర్ఏ (నాన్ రెసిడెంట్ ఏలియన్, అంటే అమెరికాలో ఉండని విదేశీయురాలు) అని రాయడం. అప్పుడు నీ జీతంతో వాళ్లకు సంబంధం లేదు, నీకు ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్లకు ఇచ్చే ట్యాక్స్ నంబర్) అక్కర్లేదు, కానీ ఆయనకు స్టాండర్డ్ డిడక్షన్ (ట్యాక్స్ లెక్కకు ముందే ఆదాయంలోంచి తీసేసే మొత్తం) 15,750 డాలర్లే. రెండోది జాయింట్. అందులో డిడక్షన్ 31,500, స్లాబులు కూడా వెడల్పు. మీరు చెప్పిన జీతానికి నేను లెక్క వేసి చూశాను, జాయింట్ వేస్తే ఆరు వేల డాలర్లకు పైనే మిగులుతుంది. టెక్సాస్‌లో రాష్ట్రం ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి ఆ గొడవా లేదు.

జాయింట్ వేయాలంటే నిన్ను ఏడాది మొత్తం అమెరికా రెసిడెంట్‌గా లెక్కించమని ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం ఒకటి రిటర్న్‌కు జత చేయాలి. అలా ఒప్పుకున్నాక ప్రపంచంలో ఎక్కడ నీకు రూపాయి వచ్చినా చూపించాలి. నీ కాలేజీ జీతానికి ఫారం 2555 ఉంది. 12 నెలల్లో 330 రోజులు అమెరికా బయట ఉండి సంపాదించిన జీతం 2025కి 1,30,000 డాలర్ల దాకా ట్యాక్స్ లెక్కలోంచి తీసేసుకోవచ్చు. నీ 7.2 లక్షలు అందులో ఏ మూలకు? చాలామంది ఇండియాలో కట్టిన ట్యాక్స్‌కు ఫారం 1116లో క్రెడిట్ (అమెరికా ట్యాక్స్‌లో తగ్గింపు) తీసుకోమంటారు, కానీ నీ జీతానికి కొత్త విధానంలో ఇండియాలో ట్యాక్సే పడదు, కట్టని ట్యాక్స్‌కు క్రెడిట్ ఎక్కడిది? నీకు 2555నే సరైనది.

కౌలు, వడ్డీ మాత్రం జీతం కింద రావు కాబట్టి 2555లో పోవు. వ్యవసాయ ఆదాయం మీద మన దగ్గర ట్యాక్స్ లేదు, అమెరికా వాళ్లకు ఆ తేడా లేదు. భయపడకు, రెండూ కలిపి 70 వేలే, మీ స్లాబులో పడే ట్యాక్స్ వంద డాలర్లు కూడా దాటదు. కౌలు చిన్నదే కదా అని వదిలేయొద్దు.

జవాబు – మంచిర్యాల

మేము ఈ తప్పు చేసి అనుభవించాం. మా వారి రిటర్న్ చేసిపెట్టినతను సింగిల్ అని వేశాడు, రెండేళ్ల తర్వాత తెలిసి 1040-ఎక్స్ (సవరణ రిటర్న్) వేసి సరిచేసుకున్నాం, ఆ కాగితాల తిప్పలు ఎవరికీ వద్దు.

పాస్‌పోర్ట్ సంగతి: ఒరిజినల్ అస్సలు పంపకండి. ఐటిన్ కోసం డబ్ల్యూ-7 ఫారంతో పాటు పాస్‌పోర్ట్ పెట్టాలి, నిజమే. కానీ ఐఆర్ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) గుర్తింపు ఉన్న సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్ పాస్‌పోర్ట్ చూసి ధ్రువీకరిస్తే చాలు, పుస్తకం మీ దగ్గరే ఉంటుంది. స్టాంపింగ్ డేట్ వచ్చినప్పుడు అది చేతిలో లేకపోతే ఎలా? ఐటిన్ లేదు కాబట్టి ఆన్‌లైన్‌లో వేయడం కుదరదు, రిటర్న్, డబ్ల్యూ-7 కలిపి కాగితాల మీద ఆస్టిన్‌లోని ఐఆర్ఎస్ ఆఫీసుకు పంపాలి. ఐటిన్ రావడానికి మామూలుగా ఏడు వారాలు, ఈ సీజన్లో 9 నుంచి 11 వారాలు పడుతుంది.

ఇంకోటి, ఈ జాయింట్ ఒప్పందాన్ని ఒకసారి రద్దు చేసుకుంటే మీ ఇద్దరికీ మళ్లీ ఆ అవకాశం ఉండదు. ఆలోచించి పెట్టండి సంతకం.

జవాబు – కాజీపేట

అమ్మా, ఇండియా వైపు నేను చెప్తాను. మన దగ్గర జాయింట్ రిటర్నే లేదు, మీ ఐటీఆర్‌లో ఆయన జీతం రాయక్కర్లేదు. ఆయన పంపే డబ్బు మీద మీకు ట్యాక్స్ లేదు, కానీ ఆ డబ్బుతో మీ పేరు మీద ఎఫ్‌డీ చేస్తే ఆ వడ్డీ ఇక్కడి ట్యాక్స్ లెక్కలో ఆయన ఆదాయంలోకి పోతుంది. అందుకని మీ జీతం డబ్బుల ఎఫ్‌డీ వేరే, ఆయన పంపినవి వేరే పెట్టుకోండి. కాలేజీ వాళ్లు ఫారం 16 (జీతం, ట్యాక్స్ సర్టిఫికెట్) ఏప్రిల్ నుంచి మార్చికి ఇస్తారు, అమెరికా లెక్క జనవరి నుంచి డిసెంబర్. ఫారం 16 అంకె దించేస్తే తప్పవుతుంది, పన్నెండు నెలల స్లిప్పులు తీసి కూడండి.

హన్మకొండ లెక్చరర్

అందరికీ చాలా థాంక్స్. రాత్రి స్లిప్పులన్నీ మంచం మీద పరుచుకొని కూర్చున్నాను. మే స్లిప్ లేదు, రేపు కాలేజీ ఆఫీసులో అడుగుతా. ఎఫ్‌డీ వడ్డీ కూడా జనవరి నుంచే బ్యాంకులో తీయించాలి. కౌలు ఆయన 30 వేలు రెండు విడతలుగా చేతికే ఇచ్చాడు, రసీదు లేదు, డైరీలో అమ్మ రాసిన తేదీలే ఉన్నాయి. అవి నడుస్తాయా అన్నా?

కరీంనగర్ నుంచి న్యూజెర్సీ

నడుస్తాయి చెల్లె, ఆ పేజీ ఫోటో తీసి పెట్టుకో. రిటర్న్‌తో పంపక్కర్లేదు, ఎప్పుడైనా అడిగితే చూపించడానికి. ఏప్రిల్ 15 దాటేలా ఉంటే ఆయన్ని ఫారం 4868 వేయమను, అక్టోబర్ 15 దాకా టైమ్ ఇస్తారు. కట్టాల్సిన డబ్బుంటే మాత్రం ఏప్రిల్‌లోనే కట్టేయాలి.