పాసివ్ బేస్‌లో యాక్టివ్ ప్రియాంప్ పెట్టించాలా వద్దా? గుంటూరు, బెజవాడ బేసిస్టులు చెప్పండి

బ్రోడీపేట_నాలుగు_తీగలు:
అన్నయ్యలూ, ఈ ఒక్క విషయం తేల్చండి, నాలుగు వారాల నుంచి బుర్ర తినేస్తోంది. మాది గుంటూరు, మూడేళ్ళుగా మా చర్చిలో బేస్ గిటార్ వాయిస్తున్నా. నా దగ్గరున్నది జాజ్ బేస్ మోడల్, 4 స్ట్రింగ్, రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చేవి), బ్యాటరీ ఏం లేదు, పూర్తి పాసివ్. ఇంట్లో చిన్న ప్రాక్టీస్ యాంప్‌కి పెడితే ప్రాణం లేచొస్తుంది, అదే చర్చిలో మిక్సర్‌కి పెడితే నోట్లో గుడ్డలు కుక్కినట్టు ఉంటుంది, గుబగుబమంటుంది గానీ ఏ నోట్ కొట్టానో నాకే వినపడదు. కీబోర్డ్ బ్రదర్ ఎడం చెయ్యి కింది ఆక్టేవ్‌లో పెట్టాడంటే ఇక నేను లేనట్టే. సౌండ్ చూసే అన్నేమో "పాసివ్ కదా, అంతే ఉంటది, ప్రియాంప్ పెట్టించెయ్" అంటున్నాడు, అంటే గిటార్ లోపల సిగ్నల్‌ని పెంచే చిన్న బ్యాటరీ సర్క్యూట్. రిపేర్ చేసేవాళ్ళని అడిగితే బ్యాటరీ కోసం బాడీ వెనక చెక్క తొలవాలన్నారు. ఆ గిటార్ మా నాన్న చీటీ పాడి కొనిచ్చింది, దాని మీద రూటర్ పెట్టించాలంటే చెయ్యి ఆడట్లేదు. గుడ్ ఫ్రైడే లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి.

బెజవాడ_లోఎండ్:
పెట్టించెయ్ తమ్ముడూ, ఆలోచించకు. నేను పదేళ్ళుగా ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నా, పెళ్ళిళ్ళు, రిసెప్షన్లు, ఊళ్ళల్లో తిరునాళ్ళు అన్నీ. ఒక్కో స్టేజీ మీద ఒక్కో మిక్సర్, సౌండ్ వాళ్ళు మన మాట వినరు, విన్నా వాళ్ళకి టైముండదు. అప్పుడు నీ చేతిలో ఉన్న నాబ్‌లే నీకు దిక్కు. పాసివ్‌లో టోన్ నాబ్ ట్రెబుల్‌ని (పై స్వరాల మెరుపుని) కోయడం ఒక్కటే చేస్తుంది, ప్రియాంప్ ఉంటే కింది స్వరాలు, ట్రెబుల్ రెండూ పెంచొచ్చు, తగ్గించొచ్చు. 1976లో మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే వచ్చిందే లోపల యాక్టివ్ ప్రియాంప్‌తో, బొటనవేలితో తీగని కొట్టే ఆ స్లాప్ సౌండ్ కోసం ఇప్పటికీ జనం పడి చస్తారు. నాదిప్పుడు 5 స్ట్రింగ్ యాక్టివ్, కింది బి తీగ 31 హెర్ట్జ్ దాకా దిగుతుంది, అయినా ప్రతి నోట్ విడివిడిగా తెలుస్తుంది.

వన్‌టౌన్_పాతకాపు:
ఒప్పుకోను. ఫెండర్ ప్రెసిషన్ బేస్ 1951లో వచ్చింది, జాజ్ బేస్ 1960లో, రెండూ పాసివే, డెబ్భై ఏళ్ళ పాటల్లో మనం విన్న బేస్‌లో సగం పైన వాటిదే. అమెరికా రికార్డింగ్ కంపెనీ మోటౌన్‌లో బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ 1962 ప్రెసిషన్ మీద ఫ్లాట్‌వౌండ్ (నున్నటి) తీగలతో ఒకే వేలితో లాగించేవాడు, ఆయనకి బ్యాటరీ ఎందుకు కావాల్సి రాలేదు? నా అనుభవం చెప్తా. ఒక యాక్టివ్ బేస్ కొన్నా, ముందురోజు రిహార్సల్ అయ్యాక జాక్ పీకడం మర్చిపోయా. ఆ జాకే లోపల స్విచ్ కదా, కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. మర్నాడు పెళ్ళిలో రెండో పాట మధ్యలో సౌండ్ బరబరమని చిరిగిపోయి ఆగిపోయింది. మండపం పక్క సందుల్లో 9 వోల్ట్ బ్యాటరీ కోసం మా డ్రమ్మర్ పరిగెత్తాడు, ఆ పదిహేను నిమిషాలూ స్టేజీ మీద గిటార్ పట్టుకుని నిలబడి ఉన్నా. అయిదారొందల మంది ముందు. ఆ రాత్రే అమ్మేద్దామని నిర్ణయించుకున్నా.

టంకం_గుంటూరు:
అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. తమ్ముడూ, చర్చిలో నీ కేబుల్ ఎందులో గుచ్చుతున్నావ్? డీఐ బాక్స్, అంటే గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే డబ్బా, ఉందా? లేక నేరుగా మిక్సర్ జాక్‌లోకేనా?

బ్రోడీపేట_నాలుగు_తీగలు:
నేరుగానే అన్నా. 6వ చానెల్, పైన "లైన్" అని రాసి ఉంటుంది, పావు అంగుళం జాక్. కేబుల్ 20 అడుగులుంటుంది. డీఐ అంటే పెద్ద స్టేజీలకే అనుకున్నా.

టంకం_గుంటూరు:
దొరికింది దొంగ. కొంచెం ఓపిగ్గా చదువు.

పాసివ్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్న తీగ. దాన్నుంచి వచ్చే సిగ్నల్ బలహీనం, పైగా ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ చుట్టలో ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) పెరుగుతుంది. గిటార్ యాంప్ ఇన్‌పుట్ దాదాపు 10 లక్షల ఓమ్స్ ఉంటుంది, అంటే పికప్ మీద బరువేం పడదు, ట్రెబుల్ మొత్తం లోపలికి పోతుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ కీబోర్డ్‌ల కోసం, ప్లేయర్ల కోసం చేసింది, అక్కడ మామూలుగా 10 వేల ఓమ్స్ చుట్టుపక్కలే ఉంటుంది. వంద రెట్లు తేడా! పికప్ తీగ రెసిస్టెన్సే 7 వేల ఓమ్స్ దాకా ఉంటే దానికి 10 వేలు తగిలించాక ఇంకేం మిగులుతుంది, వాల్యూమ్ కొంత పోతుంది, ట్రెబుల్ అయితే దాదాపు మొత్తం పోతుంది. నువ్వు చెప్పిన గుబగుబ అదే. వాల్యూమ్ నాబ్ సగానికి తగ్గించి చూడు, ఇంకా మూసుకుపోతుంది, ఎందుకంటే నాబ్ కింద ఉండే 250 వేల ఓమ్స్ పాట్ అడ్డం వచ్చి కూర్చుంటుంది.

పాతకాపు గారూ, జేమర్సన్ సంగతి మీరు ఎత్తారు కాబట్టి చెప్తున్నా, మోటౌన్‌లో ఆయన బేస్ కన్సోల్‌లోకి (స్టూడియో మిక్సర్‌లోకి) వెళ్ళింది డీఐ ద్వారానే. అంటే మధ్యలో ఎవరో ఒకరు ఇంపీడెన్స్ సరిచేశారు. యాక్టివ్ మేలా పాసివ్ మేలా అన్నది తర్వాత, ముందు మధ్యలో ఏముందో చూడాలి.

బెజవాడ_లోఎండ్:
సరే అన్నా, లెక్క ఒప్పుకున్నా. అయితే నేనన్నదీ అదేగా? ప్రియాంప్ లోపల ఉంటే ఆ పని అదే చేసేస్తుంది, ఔట్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువ, ఏ జాక్‌లో గుచ్చినా, ఎంత పొడుగు కేబుల్ అయినా పట్టించుకోదు. డీఐ బాక్స్ మోసుకెళ్ళాలి, దానికి మిక్సర్ నుంచి వచ్చే ఫాంటమ్ పవర్ 48 వోల్ట్స్ ఆన్ చేయించాలి, సౌండ్ వాళ్ళతో మళ్ళీ గొడవ. సంచిలో ఒక స్పేర్ బ్యాటరీ పెట్టుకుంటే అయిపోయే దానికి ఇంత ఎందుకు?

టంకం_గుంటూరు:
నీకది కరెక్టే, రోజుకో స్టేజీ ఎక్కుతావ్ కాబట్టి. అతను వారం వారం ఒకే మిక్సర్‌లో గుచ్చుతాడు. డీఐ నచ్చకపోతే అమ్మేసుకోవచ్చు, తొలిచిన చెక్క మళ్ళీ పూడదు. నా చేత్తో ఎన్ని ప్రియాంప్‌లు పెట్టానో లెక్కలేదు, పెట్టించుకున్నవాళ్ళలో చాలామందికి అసలు జబ్బు గిటార్‌లో లేదు. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు దేంట్లో వాయిస్తున్నావ్ అనే అడుగుతున్నా. పని పోయినా పర్లేదు గానీ మంచి బాడీ పాడుచేస్తే నాకు నిద్రపట్టదు.

లక్ష్మీపురం_అక్క:
నేను కూడా చర్చిలోనే, పన్నెండేళ్ళుగా. ప్రియాంప్ జోలికి పోకముందు ఇవి చూడమ్మా. తీగలు ఎప్పుడు మార్చావ్? మన ఎండకి, చేతి చెమటకి రౌండ్‌వౌండ్ (గరుకు) తీగలు రెండు మూడు నెలల్లోనే చచ్చిపోతాయి, మెరుపు పోతుంది. వారమంతా ఉక్కలో పడి ఉండి ఆదివారం ఏసీలోకి వచ్చే నెక్ కదులుతూనే ఉంటుంది, అందుకని మే నెలలో ఒకసారి, చలికాలంలో ఒకసారి ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) చూపించు. పికప్ అంచుల్లో స్క్రూలున్నాయి, పావు తిప్పు పైకి లేపినా తేడా చెవికి తెలుస్తుంది, మరీ తీగ దగ్గరికి తేకు, అయస్కాంతం లాగేసి నోట్ వంకరపోతుంది.

ఇంకొక మాట, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. హమ్ (గుయ్యిమనే శబ్దం) వస్తోందని ప్లగ్ ఎర్త్ పిన్ విరగ్గొట్టే వాళ్ళని చూశా. తీగల మీద చెయ్యి ఉండగా పెదవి మైక్‌కి తగిలి చురుక్కుమందంటే అక్కడ ఎర్తింగ్ లేనట్టే, వాయించడం ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. హమ్ కోసం ప్రాణం పెట్టకూడదు.

బ్రోడీపేట_నాలుగు_తీగలు:
అన్నయ్యలూ, అక్కా, నిన్న సాయంత్రం ప్రాక్టీస్‌కి గంట ముందే వెళ్ళా. మిక్సర్ దగ్గర ఫోన్ టార్చ్ వేసి ఒక్కొక్క చానెలే చూస్తే 1వ చానెల్ పక్కన చిన్న బటన్, దాని మీద "హై-జెడ్" అని ఉంది, అంటే గిటార్‌ల కోసం ఎక్కువ ఇంపీడెన్స్ ఇన్‌పుట్! దుమ్ము పట్టి అక్షరాలు కనపడట్లా, చొక్కా అంచుతో తుడిచా. ఆ చానెల్‌లో పాస్టర్ గారి మైక్ ఉంది, సౌండ్ అన్నని బతిమాలి మైక్ 6కి మార్పించి, బేస్ 1లో గుచ్చి, బటన్ నొక్కా. తీగ మీద వేలు జారుతుంటే ఆ గీరుడు కూడా వినిపించింది, ఇన్నాళ్ళూ నేను వాయించింది ఇదా అనిపించి కాసేపు అట్టాగే ఒక్కణ్ణే వాయించుకుంటూ కూర్చున్నా. కీబోర్డ్ బ్రదర్ వచ్చి కొత్త గిటార్ కొన్నావా అన్నాడు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. ట్రెబుల్ తిరిగొచ్చేసరికి ఫ్యాన్ రెగ్యులేటర్ సణుగుడు కూడా వినపడుతోంది. రెండు వాల్యూమ్‌లు ఫుల్ పెడితే పోతుంది, ఒకటి తగ్గిస్తే మళ్ళీ మొదలు.

లక్ష్మీపురం_అక్క:
సింగిల్ కాయిల్ కదమ్మా, మామూలే. రెండు పికప్‌లూ ఒకదానికొకటి ఎదురు చుట్టి ఉంటాయి, సమానంగా తెరిస్తేనే హమ్ కొట్టేసుకుంటుంది. కంట్రోల్ కేవిటీ (నాబ్‌ల కింది గుంట) లోపల రాగి రేకు అంటించుకో, చెక్క తొలిచే పనేం లేదు. రేకు వెనక జిగురుని నమ్మకు, ముక్కకీ ముక్కకీ మధ్య టంకం చుక్క పెట్టి అంతా గ్రౌండ్‌కి కలుపు. రెగ్యులేటర్ సణుగుడు మొత్తం పోదుగానీ బాగా తగ్గుతుంది.

బెజవాడ_లోఎండ్:
మంచిదే తమ్ముడూ, సంతోషం. కానీ వేరే ఊళ్ళో కూడికలకి వెళ్ళినప్పుడు ఆ బటన్ ఉండదు, నా మాట గుర్తుంటుంది చూడు.

బ్రోడీపేట_నాలుగు_తీగలు:
నిజమే అన్నా, అందుకే వచ్చే నెల ఒక యాక్టివ్ డీఐ తీసుకుంటా. టంకం అన్నా, రాగి రేకు గుంటూరులో ఎక్కడ అడగాలి? శనివారం వీలైతే గిటార్ పట్టుకుని మీ దగ్గరికే వస్తా, నా ఎదురుగానే వెయ్యండి, నేర్చుకుంటా.

టంకం_గుంటూరు:
రేకు నా దగ్గరే ఉంది. పదింటికి రా, పాత తీగలు తీసెయ్యకుండా అట్టాగే తీసుకురా, ముందు నెక్ చూడాలి.