ప్రైమరీల్లో పోల్స్ నమ్మాలా, డెలిగేట్లు లెక్కపెట్టాలా?

లెక్కల_శ్రీను: అమెరికాలో ప్రైమరీలు, అంటే పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు, వస్తే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల, ఫలానా పోల్‌లో ఫలానా వాళ్లు ముందున్నారని. పోల్స్ వదిలేసి డెలిగేట్లు లెక్కపెట్టండి బాబూ, చివరికి అభ్యర్థిని తేల్చే పార్టీ ప్రతినిధులు వాళ్లే. 2008లో డెమొక్రాట్ల పోటీ హిల్లరీకీ ఒబామాకీ మధ్య. ఫిబ్రవరి 5న అంత పెద్ద న్యూజెర్సీ గెలిచి హిల్లరీ సంపాదించిన ఆధిక్యం 11 మంది డెలిగేట్లు. అదే రోజు బుల్లి ఐడహోలో ఒబామాకి 15, ఆమెకి 3. అక్కడ వచ్చింది ఇక్కడ పోయింది.

ఎడిసన్_బాబాయ్: పోల్స్ ఒకోసారి తప్పుతాయి, అంతమాత్రాన వదిలేయాలా? వాన పడుతుందన్న రోజు పడలేదని గొడుగు పారేస్తామా?

లెక్కల_శ్రీను: గొడుగు కాదండీ అది, జల్లెడ. 2016 మిషిగన్‌లో హిల్లరీ 20 పాయింట్ల దాకా ముందుందన్నాయి పోల్స్. ఆమెతో పోటీపడ్డ శాండర్స్ గెలిచాడు. టీవీల్లో అదే సంచలనం. ఆ రాత్రే మిసిసిపీలో ఆమెకి 80 శాతం పైన ఓట్లు పడ్డాయి, మొత్తమ్మీద డెలిగేట్లు ఆమెకే ఎక్కువ వచ్చాయి. ఇంకోటి చూడండి. డెమొక్రాట్లు డెలిగేట్లని ఓట్ల శాతాన్ని బట్టి పంచుతారు. ఇద్దరే పోటీలో ఉండి, ఒక డిస్ట్రిక్ట్‌లో నాలుగు డెలిగేట్లుంటే, 60 శాతం తెచ్చుకున్నా 2-2. మూడోది కావాలంటే 62.5 దాటాలి. అదే మూడుంటే, సగానికి ఒక్క ఓటు ఎక్కువైనా 2-1.

గోంగూర_ఫ్యాన్: 62.5 ఏంటి, 60 ఎందుకు కాదు?

లెక్కల_శ్రీను: వాటా రెండున్నర దాటితేనే మూడు కింద లెక్క. నాలుగులో రెండున్నర ఎంత శాతం?

ఆస్టిన్_సుధ: శ్రీనుగారూ, మీ లెక్కలో నేనెక్కడున్నానో చెప్పండి. 2008 టెక్సస్, సిటిజన్ అయ్యాక నా మొదటి ఓటు. పొద్దున్నే హిల్లరీకి వేశాను. పోలింగ్ అయ్యాక రాత్రి మళ్లీ కాకస్‌కి, అంటే ఎవరి వైపో సంతకం పెట్టి చెప్పే పార్టీ సమావేశానికి, రావాలట! వెళ్తే లైను స్కూలు జిమ్‌లోంచి పార్కింగ్ దాకా ఉంది. నాకు నైట్ డ్యూటీ. సంతకం పెట్టకుండానే వెళ్లిపోయాను. ఓట్లలో ఆమె గెలిచింది, డెలిగేట్లు మాత్రం ఒబామాకి 99, ఆమెకి 94.

లెక్కల_శ్రీను: డెలిగేట్లలో 126 ప్రైమరీకి, 67 కాకస్‌కి అని రూలు ముందే చెప్పారు కదండీ. చదువుకుని వెళ్లాల్సింది.

ఆస్టిన్_సుధ: చదివితే డ్యూటీ మారుతుందా? స్ప్రెడ్‌షీట్ ముందు కూర్చుని ఎవరికైనా నీతులు చెప్పచ్చు. అసలు ఎప్పుడైనా ఆ లైన్లో నుంచున్నారా మీరు?

ఎడిసన్_బాబాయ్: అమ్మా, కాస్త నెమ్మది. 2016 నాటికి టెక్సస్‌లో ఆ కాకస్ ఎత్తేశారు కూడా.

ఆస్టిన్_సుధ: తప్పు కాబట్టే ఎత్తేశారు. ఈయనకి ఎంత అన్నదే కావాలి, న్యాయమా కాదా అన్నది అక్కర్లేదు.

లెక్కల_శ్రీను: నుంచోలేదు. గ్రీన్‌కార్డే రాలేదు, పదమూడేళ్లుగా క్యూలో ఉన్నా. నాకు పోల్ వాళ్ల ఫోనూ రాదు, ఓటూ లేదు. పిల్లలు పడుకున్నాక కౌంటీల వారీగా అంకెలు ఎక్కించుకోవడం ఒక్కటే నాకు దక్కింది. దాన్నీ నీతులంటే ఎలాగండీ?

ఆస్టిన్_సుధ: అందుకు నాకూ బాధగానే ఉంది శ్రీనుగారూ. కానీ అడిగింది అది కాదు. ఆ పద్ధతి సరైనదేనా, కాదా?

లెక్కల_శ్రీను: కాదు. తీసేసి మంచి పని చేశారు. అయినా 2008లో ఆమె ఓడింది ఆ ఐదుగురి తేడాతో కాదు.