బుష్ ప్రకటనకు ‘సోమలింగం’ సామెత నప్పుతుందా?

2003 మే 1న అబ్రహాం లింకన్ విమానవాహక నౌక మీద అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్, ఇరాక్ యుద్ధంలో గెలిచామంటూ చేసిన ప్రసంగం గురించి ఒక మిత్రుడు ‘ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్నారు. నాకది అతకలేదు. ఆ సామెత అసలు మొదలే కాని పనికి. ఇరాక్‌లో ఏప్రిల్ 9కే బాగ్దాద్ పడిపోయింది, సద్దాం విగ్రహాన్నీ కూల్చారు. అంటే పని సగం దాకా వచ్చింది. ‘ఇల్లలకగానే పండగ కాదు’ అంటే సరిగ్గా సరిపోతుంది. ఏమంటారు?

– సామెత కుదిరిందండీ. కానీ యుద్ధం ముగిసిందని బుష్ అనలేదు. ‘ప్రధాన పోరాట కార్యకలాపాలు ముగిశాయి’ అన్నారంతే. ఇంకా కష్టమైన పని ఉందని కూడా అప్పుడే చెప్పారు. ‘మిషన్ అకంప్లిష్డ్’ (పని పూర్తయింది) అన్నది వెనకాల బ్యానర్ మీది మాట, ప్రసంగంలో లేదు.

– కిటుకంతా ఆ ‘ప్రధాన’లోనే ఉంది! పోరాటం పూర్తిగా ఆగిందని ఒప్పుకుంటే, మూడో జెనీవా ఒప్పందం 118వ అధికరణం ప్రకారం యుద్ధఖైదీలను వెంటనే వదిలెయ్యాలి. అందుకే అంత ఆచితూచి మాట్లాడారని అప్పట్లోనే కొందరన్నారు. అదే రోజు కాబూల్‌లో అమెరికా రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్ అఫ్ఘానిస్తాన్ గురించీ ఇలాంటి మాటే అన్నారు. అక్కడ అమెరికా సేన 2021 దాకా ఉంది.

– మాట ఎంత ఆచితూచి వాడితే ఏం లాభం, జనం చూసింది బ్యానర్‌నే కదండీ. పైలట్ సూట్ వేసుకుని నేవీ జెట్‌లో దిగాక ‘ప్రధాన’ అన్న ముక్క ఎవరి చెవికెక్కుతుంది? వారం తిరక్కముందే సెనేటర్ రాబర్ట్ బర్డ్ సభలో లేచి, ప్రసంగం కోసం యోధుడి వేషం కట్టారంటూ దుయ్యబట్టారు. అక్టోబర్‌లో విలేకరులు అడిగితే బుష్ ఆ బ్యానర్‌ను నౌక సిబ్బంది మీదికి నెట్టారు. దాన్ని చేయించింది తామేనని వైట్‌హౌస్ తర్వాత ఒప్పుకోక తప్పలేదు. ఆ ప్రసంగం నాటికి చనిపోయిన అమెరికా సైనికులు సుమారు 140 మంది. 2011 డిసెంబర్‌లో సేన వెనుదిరిగేసరికి దాదాపు 4,500. ఇరాకీ పౌరులైతే లక్ష దాటారు. పదవి దిగేముందు, 2009 జనవరిలో, బ్యానర్ పెట్టడం పొరపాటేనని బుష్ కూడా అన్నారు.

– అయితే సోమలింగాన్ని వదిలేద్దాం. ‘ఇల్లలకగానే పండగవుతుందా?’ అని ప్రశ్నలా కూడా అంటారు కదా, బర్డ్ నోట ఆ రూపమే బాగుంటుంది.