మా వాడిని డ్రమ్ కోర్ టూర్ నుంచి పంపేస్తారట, ఏం చేయాలి?

మేం డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయికి 19 ఏళ్లు, ఒక డ్రమ్ కోర్‌లో (వేసవిలో ఊరూరా తిరిగి పోటీల్లో వాయించే మార్చింగ్ బ్యాండ్ లాంటి బృందం) స్నేర్ డ్రమ్ వాయిస్తాడు (కోర్ పేరు వద్దులెండి). మొన్న రాత్రి టూర్‌లో బస చేసిన స్కూలు జిమ్‌లో అందరూ నేల మీద పడుకున్నప్పుడు ఎవరో బీరు క్యాన్లు తెచ్చారట. వీడు తాగలేదు, చూసి కూడా చెప్పలేదు. 21 నిండనిదే ఇక్కడ మందు ముట్టకూడదు, నిజమే. కానీ తాగినవాళ్లకీ వీడికీ ఒకటే శిక్షా? ఆగస్టులో ఇండియానాపొలిస్ ఫైనల్స్ అని చేతులు బొబ్బలెక్కేలా వాయించాడు. ఫోన్లో సరిగ్గా మాట్లాడట్లేదు.

మీ పిల్లలెవరైనా టూర్‌కి వెళ్లుంటే చెప్పండి. డైరెక్టర్‌కి నేను రాయాలా, వాడే రాస్తే మంచిదా? సంతకం పెట్టిన కాంట్రాక్టులో ముఖ్యంగా ఏం చూడాలి? కట్టిన ఫీజులో ఎంతోకొంత వెనక్కిస్తారా?