లక్సెంబర్గ్ తొలి రైల్వే స్టేషన్‌ను కొయ్యతో ఎందుకు కట్టారు?

ప్రశ్న: రాయపురం వాసి

అందరికీ నమస్కారం. నేను చెన్నైలో స్థిరపడిన నెల్లూరువాడిని. పాత రైల్వే స్టేషన్ల చరిత్ర చదవడమంటే నాకు చాలా ఇష్టం. 1856లో మొదలై, దక్షిణ భారతదేశపు తొలి స్టేషన్‌గా పేరుపొందిన మా రాయపురం స్టేషన్ ఎత్తైన స్తంభాలతో నేటికీ నిలిచి ఉంది. ఆ తర్వాత మూడేళ్లకు, 1859లో, ప్రారంభమైన లక్సెంబర్గ్ స్టేషన్‌ను మాత్రం కొయ్యతో, అదీ ఊరికి ఎడంగా, లోయకు అవతలి వైపున కట్టారని చదివాను. ఆ దేశం మన పాత నెల్లూరు జిల్లాలో ఐదో వంతు ఉంటుందేమో. అయినా రాజధాని స్టేషన్‌ను అలా కట్టడానికి డబ్బు లేకపోవడమే కారణమా, మరేదైనా ఉందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: మైలాపూర్ చరిత్ర విద్యార్థిని

డబ్బు కాదండీ, కోటే కారణం. 1815 తర్వాత లక్సెంబర్గ్ నగరం జర్మన్ సమాఖ్యకు చెందిన కోట అయింది. అందులో పెద్ద జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యం కాపలా ఉండేది. శత్రువు ముట్టడికి వస్తే కోట బయటి రాతి కట్టడాలు అతనికే చాటు అవుతాయి కాబట్టి, అవసరమైన వెంటనే కూల్చడానికో తగలబెట్టడానికో వీలుగా స్టేషన్‌ను కొయ్యతో కట్టాలని సైనికాధికారులు షరతు పెట్టారు. 1859 అక్టోబరు 4న ఫ్రాన్సులోని థియోన్‌విల్ వైపు, బెల్జియంలోని ఆర్లాన్ వైపు రైళ్లు మొదలైనప్పుడు ప్రయాణికులు దిగింది ఆ కొయ్య స్టేషన్‌లోనే.

ఊరికీ స్టేషన్‌కూ నడుమ పెట్రూస్ లోయ ఉంది. దాన్ని దాటించడానికి 1859-61 మధ్య పాస్రెల్ అనే రాతి వంతెన కట్టారు. 24 కమానులతో, సుమారు 290 మీటర్ల పొడవున, కొద్దిగా వంపు తిరిగి సాగే ఈ వంతెన ఇప్పటికీ వాడుకలో ఉంది. స్టేషన్ నిలిచిన చోటు అప్పట్లో హోలరిష్ అనే వేరే ఊరి పరిధిలోనిది. అది రాజధానిలో కలిసింది 1920లోనే. 1867 లండన్ ఒప్పందంతో దేశం తటస్థ రాజ్యమై, ప్రష్యా సైన్యం వెళ్లిపోయి, కోటను కూల్చడం మొదలైంది. అయినా ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే గడియారపు బురుజు ఉన్న రాతి స్టేషన్‌ను 1907-13 మధ్య గాని కట్టలేదు.

జవాబు: పెరంబూరు విశ్రాంత ఉద్యోగి

పై జవాబు చాలా బాగుంది. అయితే కొయ్యతో ఎందుకు కట్టారో కోట చెబుతుంది గాని, కోట పోయాక నలభై ఏళ్ల దాకా కొత్త స్టేషన్ ఎందుకు రాలేదో చెప్పదు. దానికి ఆ రైల్వేను ఎవరు నడిపారో చూడాలని నా అభిప్రాయం. గియోమ్-లక్సెంబర్గ్ కంపెనీ పేరుతో వేసిన ప్రధాన మార్గాలను మొదట ఫ్రాన్సుకు చెందిన ఎస్ట్ కంపెనీ కౌలుకు తీసుకొని నడిపింది. 1870-71 యుద్ధంలో ఫ్రాన్సు జర్మన్ల చేతిలో ఓడిపోవడంతో 1872లో ఆ హక్కు, ఫ్రాన్సు నుంచి జర్మనీ వశమైన ఆల్సస్-లొరేన్‌లోని జర్మన్ సామ్రాజ్య రైల్వేల చేతికి పోయింది. ఇప్పటి రాతి స్టేషన్‌కు రూపకల్పన చేసినవారు కూడా జర్మన్ వాస్తుశిల్పులే. రైల్వేలో చాలాకాలం పనిచేసినవాడిగా చెబుతున్నాను: మార్గం ఎవరి అదుపులో ఉంటే, ఖర్చు ఎక్కడ పెట్టాలో తేల్చేదీ వారే.

రాయపురం వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. తటస్థ దేశపు రైళ్లు పొరుగు సామ్రాజ్యం చేతిలో ఉండడం ప్రమాదమని ఎవరికీ అనిపించలేదా?

జవాబు: మైలాపూర్ చరిత్ర విద్యార్థిని

అనిపించింది కనుకనే, సైన్యాన్నీ ఆయుధాలనూ ఈ మార్గాల్లో తరలించబోమని 1872 ఒప్పందంలోనే జర్మనీ చేత మాట తీసుకున్నారు. ఆ మాట నిలవలేదు. 1914 ఆగస్టు 1 సాయంత్రం ఒక చిన్న జర్మన్ దళం ఉత్తర సరిహద్దున ఉన్న ట్రువావియెర్జ్ స్టేషన్‌కు వచ్చి, స్టేషన్‌నూ తంతి కార్యాలయాన్నీ పట్టుకుంది. కొద్దిసేపటికే పై నుంచి వచ్చిన ఆదేశంతో వెనక్కి వెళ్లినా, మర్నాడు దేశమంతా జర్మన్ సైన్యం వశమైంది. తాము నడిపే రైలు మార్గాలను ఫ్రెంచివారి దాడి నుంచి కాపాడుకోవడానికే వచ్చామని బెర్లిన్ చెప్పింది. అంటే కౌలు పత్రమే దండయాత్రకు సాకు అయింది.

రెండో ప్రపంచ యుద్ధం మరింత దారుణం. నాజీలు స్వస్థలాల నుంచి వెళ్లగొట్టిన కుటుంబాలనూ, బలవంతంగా సైన్యంలో చేర్చిన యువకులనూ ప్రధాన స్టేషన్‌లో కాక, హోలరిష్ పేరుతోనే ఉన్న వేరే చిన్న స్టేషన్‌లో రైలెక్కించారు. ఆ చిన్న స్టేషన్ భవనాన్ని ఇప్పుడు స్మారక మ్యూజియంగా ఉంచారు. లక్సెంబర్గ్ వెళ్లేవారు కోట గోడలు చూసి తిరిగివచ్చేయకుండా అక్కడికి తప్పక వెళ్లాలని నా మనవి.

జవాబు: పెరంబూరు విశ్రాంత ఉద్యోగి

ఇంకొక్క విషయం. దేశమంతటి మార్గాలూ ఒకే జాతీయ సంస్థ కిందికి వచ్చింది యుద్ధం ముగిశాక, 1946లో సీఎఫ్ఎల్ ఏర్పడినప్పుడే. అందులో లక్సెంబర్గ్ ప్రభుత్వానికి 51 శాతం, ఫ్రాన్సు, బెల్జియంలకు చెరి 24.5 శాతం వాటాలు ఇచ్చారు. 2020 ఫిబ్రవరి 29 నుంచి దేశం లోపల రెండో తరగతి రైలు ప్రయాణం అందరికీ ఉచితం కాబట్టి, ట్రువావియెర్జ్ వెళ్లి ఆ స్టేషన్ చూసి రావడానికి టికెట్ కూడా కొనక్కరలేదు.