ఒక్క రోజులో హైదరాబాద్ మొత్తం చూపించాలనుకోవడం సబబేనా?

సూర్యాపేట (ప్రశ్న నాదే)

దసరా సెలవుల్లో తొమ్మిది మందిమి హైదరాబాద్ వెళ్లొచ్చాం. అత్తయ్య, మేమిద్దరం, మరిది, తోటికోడలు, నలుగురు పిల్లలు. తెల్లవారుజామున నాలుగింటికి బండెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి రాత్రి ఒంటిగంట. జూపార్క్, సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్. ఆరు చోట్లు. ఫోన్లో ఫొటోలు చూస్తే అన్నీ చూసినట్టే ఉంది.

అత్తయ్యకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. జూలో కొంచెం దూరం నడిచి చెట్టు కింద కూర్చుండిపోయింది. 380 ఎకరాల జూ అది, పొద్దున్నే అక్కడ పిల్లలకే కాళ్లు అరిగిపోయాయి. మ్యూజియంలో ఆ గడియారం ఉంది కదా, గంటగంటకీ లోపలి నుంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొడుతుంది, అది చూడాలని అత్తయ్యకు ఎప్పటి నుంచో ఆశ. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కొడుతుంది కాబట్టి జనం ముందే వచ్చి కూర్చుంటారు. మేం దాని ముందుకు చేరేసరికి పన్నెండు దాటి పది నిమిషాలైంది. ఒంటిగంట దాకా ఆగుదామంటే మరిది ఒప్పుకోలేదు, గోల్కొండ మూసేస్తారని టెన్షన్. చార్మినార్ మీదికి మెట్లు ఇరుకు, చుట్టూ తిరుగుతూ ఎక్కాలి, అదీ ఆమె వల్ల కాలేదు. గోల్కొండలో అసలు బండి దిగనే లేదు.

ఇంటికొచ్చాక పక్కింటావిడ "ఏమేం చూశావు వదినా" అనడిగితే "బండ్లు ఆపే జాగాలన్నీ చూశాను" అంది. కోపంగా అనలేదు, ఉన్నమాట చెప్పింది. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్నప్పుడు, అదీ సెలవు రోజున, రెండు చోట్లకు మించి పెట్టుకోకూడదని నేనంటాను. అంత డబ్బు పోసి వెళ్లి రెండే చూసొస్తామా అని మా ఆయన, మరిది అంటున్నారు. మీరేమంటారు?

మిర్యాలగూడ

అక్కా, మీ బాధ అర్థమైంది కానీ మీ మాటతో ఏకీభవించలేను. రెండే చూడండి, మిగతావి ఇంకోసారి చూడండి అనాలంటే ఆ ఇంకోసారి అనేది ఉండాలి. మా నాన్న హమాలీ పని చేసేవాడు. నా చిన్నప్పుడు ఒకే ఒక్కసారి, మా వీధిలో నాలుగు కుటుంబాలు కలిసి బండి మాట్లాడుకుని వెళ్లాం. రెండో రోజు ఉండాలంటే లాడ్జి ఖర్చు, ఇంకో రోజు కూలి పోతుంది. చార్మినార్ లోపలికి వెళ్లలేదు, టికెట్ లైన్ చూసి వెనక్కి తిరిగాం. నాన్న నన్ను భుజాల మీదికి ఎత్తుకుని "సిగరెట్ పెట్టె మీద బొమ్మ ఉంటదే, గదే ఇది" అని చూపించాడు. రాత్రి ట్యాంక్‌బండ్ మీద నిలబడి, బుద్ధుడి విగ్రహాన్ని పడవ మీద తీసుకెళ్తుంటే 1990లో హుస్సేన్‌సాగర్లో మునిగిపోయిందని, రెండేళ్ల తర్వాత పైకి తీసి నిలబెట్టారని చెప్పాడు. పడవ ఎక్కలేదు, దూరం నుంచి లైట్లలో చూశాం అంతే. నాన్న పోయి ఆరేళ్లయింది, నాకు ఆ రోజంతా గుర్తుంది. బయటి నుంచి చూస్తే చూసినట్టు కాదంటే నాకు కష్టంగా ఉంటుంది అక్కా.

దిల్‌సుఖ్‌నగర్

ఇద్దరికీ ఒక మాట. అసలు తప్పు ఎన్ని చోట్లన్న దగ్గర లేదు, ఊరికి ఆ మూలా ఈ మూలా పెట్టుకోవడంలో ఉంది. గోల్కొండ పడమర వైపు, జూ పాతబస్తీ అవతల, ఈ రెంటి మధ్య సెలవు రోజు ట్రాఫిక్‌లోనే మధ్యాహ్నం గడిచిపోతుంది. విజయవాడ రోడ్డు మీద వచ్చేవాళ్లు బండి ఎల్బీ నగర్ దగ్గర ఆపుకుని మెట్రోలో ఎంజీబీఎస్ బస్టాండ్ దగ్గరికి రండి, స్టేషన్లలో లిఫ్టులున్నాయి. అక్కడి నుంచి ఆటోలో మ్యూజియం. ఆ తర్వాత నడవగలిగినవాళ్లు మదీనా, పత్తర్‌గట్టి మీదుగా చార్మినార్ దాకా నడిచి రావచ్చు, పెద్దవాళ్లను ఆటో ఎక్కించండి. లాడ్‌బజార్ గాజులు, ఇరానీ చాయ్, అన్నీ అక్కడే. చార్మినార్ 1591 నుంచి అక్కడే ఉంది, కింద కూర్చుని చూసినా దాని అందం తగ్గదు. శుక్రవారం మ్యూజియం ఉండదు, సోమవారం జూ ఉండదు, ఇది చూసుకోకుండా వచ్చి గేటు ముందు ఏడ్చే పిల్లల్ని ఏటా చూస్తున్నాను.

గుంటూరు

నాది సూర్యాపేట అక్కయ్య మాటే. మా అక్క కొడుకు, ఐదేళ్లవాడు, చార్మినార్ పక్కన గుల్జార్‌హౌజ్ దగ్గర జనంలో చెయ్యి వదిలేశాడు. ఇరవై నిమిషాలకు ఒక గాజుల కొట్టాయన ఎత్తుకుని తీసుకొచ్చి ఇచ్చాడు. అప్పటికి మేం నాలుగో చోటుకి తొందరపడుతున్నాం, ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో ఎవరికీ గుర్తులేదు. ఆ ఇరవై నిమిషాలు మా అక్క ఎలా ఉందో నేను రాయలేను.

సూర్యాపేట

మిర్యాలగూడ తమ్ముడూ, నీ పోస్టు మూడుసార్లు చదివాను, మా ఆయనకు కూడా చదివి వినిపించాను. కూలి పోతుందన్న మాట నేను ఆలోచించలేదు, అది నా తప్పే. కానీ ఒకటి చూడు. మీ నాన్న నిన్ను భుజాల మీదికి ఎత్తుకుని, ఆగి, చూపించాడు. సాగర్ గట్టు మీద నిలబడి కథ చెప్పాడు. మా బండిలో ఎవరికీ ఆగి చెప్పే తీరిక లేదు. గోల్కొండ ముఖద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ మీద వినిపిస్తుందంటారు కదా, మావాళ్లు ఎక్కి చెవులు పెట్టి విన్నారట, కింద వందల మంది ఒకేసారి కొడుతుంటే ఏది ఎవరిదో తెలియలేదట. అదే వాకిట్లో అత్తయ్యను దించి నిలబెట్టి చప్పట్లు కొట్టించాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. ఆమెకు మెట్లు ఎక్కే పనే లేదు దానికి. నా బాధ ఇదే, చోట్ల లెక్క కాదు, రెండు అని నేను గీత గీయడం పొరపాటేనేమో. మాలో అందరికంటే మెల్లగా నడిచే మనిషిని అడగకుండా రోజంతా మేమే నిర్ణయించేశాం.

దిల్‌సుఖ్‌నగర్ గారూ, మెట్రో సంగతి బాగా చెప్పారు. సంక్రాంతికి సగం నగరం ఊళ్లకు పోతుంది కాబట్టి రోడ్లు కొంచెం ఖాళీగా ఉంటాయి, అప్పుడు మళ్లీ వద్దామనుకుంటున్నాం. మరిది గోల్కొండలో సాయంత్రం వేసే లైట్ అండ్ సౌండ్ షో కూడా పెడదామంటున్నాడు, ఇంకా తేలలేదు. నిన్న అత్తయ్యనే అడిగాను, ఏం చూస్తావని. గడియారం అంది. పదకొండున్నరకల్లా వెళ్లి దాని ముందు కూర్చుంటాం.