తమిళ ‘ఴ’: నాలుక ‘ళ’ దగ్గరే ఆగిపోతోంది, ఏం చేయాలి?

గోరింక: తమిళంలో ఒలి అంటే శబ్దం, ఒళి అంటే వెలుగు, ఒఴి అంటే రూపుమాపు. మొదటి రెండూ తెలుగు నోటికి సులువే. మూడోది కూడా ‘ఒళి’ అయిపోతోంది. నాలుక ఎక్కడ పెట్టాలో విడమరిచి చెప్తారా?

పలుకుబడి: ళ పలికేటప్పుడు నాలుక కొన వెనక్కి మడుచుకుని అంగిలికి తగులుతుంది, గాలి పక్కలనుంచి పోతుంది. ఴకి ఇది తిరగబడాలి. నాలుక పక్కలు పై దవడపళ్ళకి ఆనాలి, కొన దేనికీ తగలకూడదు, గాలి నడిమధ్యనుంచి పోవాలి. ‘ళ్ళ్ళ్’ అని సాగదీస్తూ, గొంతు ఆపకుండా కొనను వెంట్రుకవాసి కిందికి దించండి. మడత మాత్రం విప్పొద్దు. అనుమానమొస్తే నాలుక అలాగే ఉంచి గాలి లోపలికి పీల్చండి: చల్లదనం పక్కల తగిలితే ఇంకా ళ, మధ్యలో తగిలితే ఴ.

బెజవాడ బాణం: ఇక్కడో చిక్కుందండీ. దించేటప్పుడు కొన ముందుకు జారితే మన ‘ర’ అయిపోతుంది. ర ఒక్క తట్టుతో సరి. ఴ ఊపిరున్నంతసేపూ సాగాలి, సాగకపోతే తప్పినట్టే. అందుకే ‘వాఴ్’ (బతుకు) లాగా చివర్లో ఉన్న మాటతో మొదలుపెట్టండి. ‘తమిఴ్’ తర్వాత పట్టండి, ‘ఇ’కి నాలుక ముందుకొచ్చి ఉంటుంది కాబట్టి వెనక్కి మడవడం కష్టం. వాఴైప్పఴం (అరటిపండు) అన్నిటికన్నా ఆఖర్న! ఇంకోటి, తమిళంలో ఴకి ద్విత్వం లేదు, మాట మొదట్లో రాదు. ఒత్తి పలికినట్టు వినిపిస్తే అది ళ్ళ.

డాలస్ మావయ్య: అమెరికా వాళ్ళ ‘ర’ దీనికి బాగా దగ్గర. కాకపోతే వాళ్ళు పెదాలు గుండ్రంగా చుడతారు. ఆ అలవాటుతో ఴ అంటే తమిళులకి ఎబ్బెట్టుగా ఉంటుంది, పెదాలు వదులుగా ఉంచాలి. పైగా అమెరికన్లలో కొందరు కొన కిందికే ఉంచి, నాలుక నడుమును ముద్దలా పైకెత్తి అదే శబ్దం తెప్పిస్తారు. చెవికి తేడా తెలీదు కాబట్టి వాళ్ళ నోరు చూసి నేర్చుకోవద్దు.

గోరింక: చైనీస్‌లో ‘మనిషి’ అనే మాట మొదట్లో వచ్చేదీ ఇదేనా?

పలుకుబడి: చుట్టమే. కొన అంత వెనక్కి మడవరు, దంతమూలం వెనకాలే లేపుతారు. చాలామంది నోట కాస్త రాపిడి కూడా వినిపిస్తుంది. అందుకే ఆ మాటని పిన్‌యిన్‌లో (చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఇప్పటి పద్ధతి) ‘ఆర్’తో రాస్తే, పాత వేడ్-జైల్స్ పద్ధతిలో ‘జె’తో రాసేవాళ్ళు.

శాసనప్రియ: ఇది మనక్కూడా ఉన్న అక్షరమే, రేనాటి చోళుల తెలుగు శాసనాల్లో కనిపిస్తుంది. తర్వాత ఎక్కువగా ‘డ’లో కలిసిపోయింది: కోఴి కోడి, ఏఴు ఏడు, నిఴల్ నీడ. కొన్నిచోట్ల హల్లు కింద రకారమైంది: కీఴ్ క్రింద, పఴ ప్రాత. తమిళ మాటలో ఴ ఉందో ళ ఉందో గుర్తురాకపోతే, తెలుగు జోడీలో డ ఉందేమో చూడండి. ఉంటే చాలావరకు ఴ.

బెజవాడ బాణం: ఇంగ్లీషు స్పెల్లింగులో ‘జెడ్ హెచ్’ చూసి కోఴిక్కోడ్‌ని ‘కోజికోడ్’ చేసేశారు మనవాళ్ళు. జ కన్నా ళ అన్నా నయం. తమిళుల్లోనే చాలామంది మాటల్లో ళ అనేస్తారు.

గోరింక: గాలి పీల్చే పరీక్ష పనిచేసింది, మధ్యలోనే తగిలింది. కానీ ఫోన్‌లో మీ అక్షరం డబ్బాలా కనిపిస్తోంది.

శాసనప్రియ: అది యూనికోడ్‌లోకి 2014లోనే, 7.0తో వచ్చింది. పాత ఫాంట్లలో ఉండదు, ఫాంట్ మార్చి చూడండి.